వెతికిన చోటు

ఫిబ్రవరి 4, మంగళవారం

శివాని నిన్న ఇంటికి రాలేదు.

కొంగరకలాన్ నుంచి ఫ్యాక్టరీ బస్సు ఎప్పటిలాగే వచ్చి చౌరస్తాలో ఆగిందట. ఆడపిల్లలంతా దిగారు, మా ఆడబిడ్డ దిగలేదు. మా ఆయన దేవేందర్ ట్రాలీ ఆటో పక్కకు పెట్టుకుని చెల్లెలి కోసం అక్కడే నిలబడి ఉన్నాడు. బస్సు ఖాళీ అయ్యాక కూడా లోపలికి ఎక్కి సీట్ల కింద చూశాడని డ్రైవర్ ఎవరితోనో చెప్పి నవ్వాడట.

పొద్దున దేవేందర్ ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. "అన్నా, నా కోసం దేవులాడకు. నా ఇష్టంతోనే పోయిన. రితేష్‌తోని ఉన్న. అమ్మను ఏడ్వద్దని చెప్పు." ఆ తర్వాత ఫోన్ కలవడం లేదు.

రితేష్ ఎవరో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ అబ్బాయి అదే ఫ్యాక్టరీలో శివాని పక్క లైన్లో పనిచేస్తాడనీ, జల్‌పల్లిలో స్నేహితుడితో రూములో ఉంటాడనీ, మా కులం కాదనీ సాయంత్రానికల్లా దేవేందర్ కనుక్కుని వచ్చాడు. అత్తమ్మ ఆ చివరి మాట దగ్గరే కూలబడింది.

పోలీసుల దగ్గరికి పోవద్దని నిర్ణయం. ఇజ్జత్ పోతుందట.

నాకు కూడా చెప్పలేదు. ఇరవై రెండేళ్ల పిల్ల, నా పక్కన పడుకుని ఫ్యాక్టరీలో ఎవరు ఎవరితో పోట్లాడారో అన్నీ చెప్పే పిల్ల, ఈ ఒక్కటీ చెప్పలేదు. అదే నా బాధ అనుకోకూడదు. ఆ పిల్ల క్షేమంగా ఉంటే చాలు.

ఫిబ్రవరి 5

ఈ రోజు అత్తమ్మ నా ఆటను పొయ్యిలో పెట్టింది.

ఫ్లెక్సీ కదా, కాలలేదు. ముడుచుకుని నల్లటి పొగ వదిలింది. వాడంతా కంపు. "దాక్కునుడు, తప్పిచ్చుకునుడు, నలుగురి కండ్లల్ల మన్ను కొట్టుడు... గివే గదా దానికి నేర్పినవ్! ఇన్ని దినాలు మిద్దె మీద గూసోని గీ సదువేనా సదివిచ్చింది?" అంది. నేను కిటికీలు తీసి పొగ బయటికి విసురుతూ ఉన్నాను.

నేను పనిచేసే ఫ్లెక్సీ షాపుకు రెండేళ్ల కింద ఒకాయన వచ్చాడు. ఆదిబట్లలో ఉద్యోగం. తన దగ్గరున్న ఒక విదేశీ ఆట తాలూకు పటం చిరిగిపోయింది, కొత్తది ప్రింట్ చేసివ్వమన్నాడు. పెద్ద పటం, నిండా పాత కోటలు, పొగమంచు, సమాధులు. అందులో ఒకరు రక్తం తాగే పిశాచి. పగలు కనపడదు, పటం మీద బొమ్మ కూడా ఉండదు. ఎక్కడెక్కడికి పోతోందో చీటీలు బోర్లా పెట్టుకుంటూ పోతుంది. మిగతా నలుగురు వేటగాళ్లు. వాళ్లు ఒకరితో ఒకరు పైకే మాట్లాడుకుంటూ వెతకాలి. పిశాచి అదే బల్ల దగ్గర కూర్చుని అన్నీ వింటుంది, నోరు మెదపదు. ఆయన చెబుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. రంగులు తేడా వచ్చిన ఒక ప్రింటు పారెయ్యకుండా ఇంటికి తెచ్చుకున్నాను.

శివాని ఒక్క పూటలో నేర్చుకుంది. ఆ ఊళ్ల పేర్లు నోరు తిరగడం లేదని నేను కంప్యూటర్లో మా దిక్కు పటమే గీసి ఫ్లెక్సీ మీద ప్రింట్ తీశాను. ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల, కొంగరకలాన్, జల్‌పల్లి, మధ్యలో రోడ్లు, చెరువులు. "కోట ఏంది వదినా, గడి అను. పిశాచి ఏంది, దొర అను. రక్తం తాగుడు గూడ మంచిగ సరిపోతది" అంది శివాని. అలా మా ఆటలో పిశాచి దొర అయ్యాడు. దొర ఎప్పుడూ శివానే. నలుగురు వేటగాళ్లనూ నేనే ఆడేదాన్ని, నాలుగు సీసా మూతలు పెట్టుకుని. దేవేందర్ ఒకటి రెండు సార్లు కూర్చున్నాడు. "దొంగా పోలీస్ ఆట లెక్కనే ఉన్నది, దీనికింత ముచ్చటేంది" అని లేచిపోయాడు.

నేను ఒక్కసారి కూడా ఆ పిల్లను పట్టుకోలేదు. ఎలా తప్పించుకుంటున్నావే అని బతిమాలితే ఒకరోజు చెప్పింది. "నేను దూరం పోను వదినా. దగ్గర్నే ఉంట. నువ్వు ఒక జాగ దేవులాడి ముందలికి పోతవ్ గదా, నేను గా జాగకే పోత. దేవులాడిన జాగల మల్ల ఎవ్వలు దేవులాడరు."

నాకొక్కదానికే చెప్పింది.

ఫిబ్రవరి 6

జల్‌పల్లి రూముకు పోయి వచ్చారు. దేవేందర్, అత్తమ్మ తమ్ముడు చెన్నయ్య బాబాయి, ఇంకా ఇద్దరు. రూములో ఎవరూ లేరు. రితేష్ స్నేహితుడు నాకేం తెలియదు అన్నాడట. చాప, బకెట్, గోడకు రెండు చొక్కాలు. అంతే.

రేపు యాచారం పోతారు, అక్కడ రితేష్ వాళ్ల మేనత్త ఉందట. ఎల్లుండి ఇంకెక్కడికో. వాళ్లు ముందు గదిలో కూర్చుని దారులు మాట్లాడుకుంటుంటే నేను చాయ్ గ్లాసులు పంచుతూ ఉన్నాను. ఎవరూ నా వైపు చూడలేదు. పెళ్లయి ఆరేళ్లు, ఈ ఇంట్లో ఏ ముఖ్యమైన మాట దగ్గరా నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. పొలం ప్లాట్లకు ఇచ్చినప్పుడూ అంతే.

వాళ్లు తప్పు దారిలో పోతున్నారని నాకు తెలుసు. తెలిసి కూర్చోవడం నాకు కొత్తగా ఉంది.

ఫిబ్రవరి 7

నేనేమీ చెప్పను. చెప్పాల్సిన పని నాకు లేదు.

ఫిబ్రవరి 8, శనివారం

చెప్పాను.

యాచారంలో దొరకలేదు. ఆ మేనత్త వీళ్ల మీదికే లొల్లికి వచ్చిందట. మధ్యాహ్నం అలసిపోయి వచ్చి కూర్చున్నారు. అత్తమ్మ అన్నం ముట్టడం లేదు. నన్ను చూసినప్పుడల్లా ఒకటే మాట. "నీకు తెల్వకుంట పోయిందంటే నేను నమ్మ. నువ్వే తోల్కపోయి దాసినవ్." దేవేందర్ కూడా కాదనలేదు. గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. నా మొగుడు కూడా నన్ను అనుమానిస్తున్నాడని అప్పుడు అర్థమైంది.

"ఇగ ఏడని దేవులాడుతం? పట్నంల కలిసిపోతే దొరుకుతదా?" అన్నాడు చెన్నయ్య బాబాయి.

నా నోట్లోంచి వచ్చేసింది. "జల్‌పల్లి రూమ్ మల్ల చూసిన్రా?"

"మొన్ననే చూస్తిమి గదా" అన్నాడు దేవేందర్ విసుగ్గా.

"గందుకే. మనోళ్లు చూసిపోయిన జాగకే అది వస్తది. దూరం పోదు. మీరు పోయిన్నాడు పక్క గల్లీలనే ఉండుంటది. మీరు యాచారం దిక్కు తిరుగుతున్నరని తెల్వంగనే మల్ల గా జాగకే చేరుతది. గా రూమ్ ఇప్పుడు దానికి అన్నిటికన్న మంచి జాగ."

అందరూ నన్నే చూస్తున్నారు. దేవేందర్ మెల్లగా లేచాడు. చెన్నయ్య బాబాయి "ఈ పొల్ల చెప్పేది నిజమే అనిపిస్తున్నదిరా" అన్నాడు. అత్తమ్మ నన్ను కాసేపు చూసి, పక్కకు జరిగి, మంచం మీద చోటు చూపించింది. "కూసో బిడ్డా" అంది.

బిడ్డా అని నన్ను పిలవడం అదే మొదటిసారి. కూర్చున్నాను.

రేపు పొద్దున్నే పోతారు. ఎవర్నీ కొట్టొద్దని దేవేందర్‌తో గట్టిగా చెప్పాను. తీసుకొచ్చి కూర్చోబెట్టి మాట్లాడతారు, అంతే. తల్లి ఏడుపు చూస్తే ఆ పిల్లే మెత్తబడుతుంది. ఇందులో చెడ్డ ఏముంది? నేను అనుకున్నది తప్పు కూడా కావచ్చు. అక్కడ ఉండకపోవచ్చు.

ఉంటుంది. నాకు తెలుసు.

ఫిబ్రవరి 9, ఆదివారం

దొరికింది.

పదకొండు కాకముందే తెచ్చారు. శివాని కారు దిగి ఎవరినీ చూడకుండా నడిచి లోపలి గదిలోకి పోయింది. జుట్టు రేగి ఉంది. ఫ్యాక్టరీ ఐడీ కార్డు ఇంకా మెడలోనే ఉంది. అత్తమ్మ మొదట కొట్టింది, తర్వాత పట్టుకుని ఏడ్చింది. ఫోన్ దేవేందర్ తీసుకున్నాడు. తలుపుకు బయట గొళ్లెం పెట్టారు.

దేవేందర్ చొక్కా విప్పి నా చేతికిచ్చాడు. ముందు భాగమంతా రక్తం. ఆయనది కాదు.

"గల్లి మలుపుల దొరికిండు. టిఫిన్ కట్టిచ్చుకోని వస్తున్నడు" అన్నాడు. రితేష్ ముక్కు పగిలిందట, చెయ్యి విరిగినట్టుందట. అప్పటికే శివానిని ఎక్కించిన కారు ముందు పోయింది, ఆమె చూడలేదు.

"ఇగో, ఇను. నువ్వు చెప్పినవని దానికి చెప్పకు. ఆ పిలగాడే మాకు ఫోన్ చేసి చెప్పిండు, చెప్పి ఉరికిండు అని చెప్పిన. గట్లనే ఉండనీ. లేకపోతే రేపటి సంది నీ మొకం చూడదు."

నా కోసమే చెప్పాడు. సరే అన్నాను.

చొక్కా ఉప్పు నీళ్లలో నానబెట్టాను. బకెట్ మీద మూత పెట్టాను.

ఫిబ్రవరి 10

కొట్టొద్దని గట్టిగా చెప్పానని మొన్న రాశాను. చెప్పలేదు. చెప్పాలనుకున్నాను. మర్నాడు పొద్దున కూడా వాళ్లు నన్ను మెచ్చుకుంటూ ఉండగానే బయలుదేరారు.

ఫిబ్రవరి 12

అన్నం పెట్టడానికి నన్నొక్కదాన్నే లోపలికి పంపుతున్నారు. శివాని తినడం లేదు, మజ్జిగ మాత్రం తాగుతోంది. ఈ రోజు నా చెయ్యి పట్టుకుంది.

"ఈ ఇంట్ల నువ్వొక్కదానివే వదినా నన్ను మనిషి లెక్క చూస్తున్నది. నీకు చెప్పకుంట పోయిన. చెప్తే నిన్ను సతాయిస్తరని చెప్పలే. నీకు తెల్వకుంటే నువ్వు అబద్ధం ఆడే పని ఉండదు గదా అనుకున్న."

నాకు చెప్పలేదన్న కోపం, బాధ ఇన్నాళ్లూ లోపల ఉన్నాయి. ఈ మాటతో వాటికి నిలబడటానికి చోటే లేకుండా పోయింది.

"ఒక్కటే సమజైతలేదు వదినా. అన్న వాళ్లు ఒకసారి చూసిపోయిన రూమ్ అది. మేం పక్క గల్లీల ఒక అమ్మ దగ్గర ఉండి మల్ల వచ్చినం. అది నాకూ రితేష్‌కే ఎరుక. అన్న అంటున్నడు, రితేషే చెప్పిండని. పొద్దుగాల టిఫిన్ తెస్తనని పోయిండు. మల్ల రాలే. నిజమేనా వదినా? భయపడి చెప్పిండా?"

నేను తలవంచుకుని గిన్నె మూత సరిచేశాను.

"ఏమో శివానీ. మగోళ్ల ధైర్యం ఎంతసేపు ఉంటది."

ఆ మాట నేనే అన్నాను. ఎవరూ అనమనలేదు. తెలియదు అని ఊరుకుంటే సరిపోయేది. ఆమె నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేను వీపు నిమురుతూ కూర్చున్నాను. నా చెయ్యి చాలా చక్కగా నిమురుతోంది.

ఫిబ్రవరి 13

షాపులో రెండు పెళ్లి ఫ్లెక్సీలు, ఒక వర్ధంతి. వర్ధంతి ఫ్లెక్సీలో పేరు తప్పు కొట్టాను. మళ్లీ ప్రింట్ తీశాను.

ఫిబ్రవరి 15

చెన్నయ్య బాబాయి సంబంధం తెచ్చాడు. మాఘం దాటకముందే అయిపోవాలట. యాచారం దిక్కు పిల్లాడు, పౌల్ట్రీ ఉంది, మొదటి భార్యతో విడాకులయ్యాయి. ఆ చివరి మాట బాబాయి దగ్గుతూ చెప్పాడు. ఇరవై మూడు ఆదివారం పూలు పండ్లు పెట్టి సంబంధం ఖాయం చేసుకుంటారట.

అత్తమ్మ గది తలుపు తీసి అడిగింది. శివాని గొడవ చేస్తుందని అందరం అనుకున్నాం. దేవేందర్ గుమ్మం దగ్గర కాపలాకు నిలబడ్డాడు కూడా.

"మీ ఇష్టం" అంది శివాని.

అంతే. మళ్లీ గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇంట్లో అందరి ముఖాలూ తేలికపడ్డాయి. అత్తమ్మ చాలా రోజుల తర్వాత ముద్ద మింగింది. "దానికి బుద్ధి వచ్చింది" అంది. వచ్చింది బుద్ధి కాదని నాకు తెలుసు. రితేష్ తనను పట్టించాడని ఆ పిల్ల నమ్మింది. ఇక ఎవరైతే ఏమిటి అనుకుంటోంది. ఆ నమ్మకంలో సగం వాళ్ల అన్న పెట్టాడు, సగం నేను పెట్టాను.

గొళ్లెం తీసేశారు. ఇక అవసరం లేదట.

ఫిబ్రవరి 17, సోమవారం

రితేష్ షాపుకు వచ్చాడు.

నేను కంప్యూటర్ దగ్గర ఉన్నాను. ఎవరో కస్టమర్ అనుకుని సైజ్ ఎంత అని అడిగాను. కుడి చేతికి మోచేతి దాకా పట్టీ, ముక్కు వాచి కళ్ల కింద నల్లగా ఉంది. నేను అనుకున్నంత పెద్దవాడు కూడా కాదు. మీసం సరిగా రాలేదు.

"అరుణక్క నువ్వే కదా. శివాని నీ గురించి మస్తు చెప్పేది" అన్నాడు.

ఓనర్ లోపల మెషిన్ దగ్గర ఉన్నాడు. నేను మెల్లగా మాట్లాడమన్నాను.

"ఆమెకు ఒక్క మాట చెప్పక్కా. నేను ఉరికిపోలే అని చెప్పు. నన్ను పండవెట్టి కొట్టిన్రు. దవాఖానల ఉన్న. ఫోన్ పలగ్గొట్టిన్రు. ఆమె నేను ఇడిసిపెట్టి పోయిన అనుకుంటదేమో అని పానం కొట్టుకుంటున్నది. ఆమెకు పెండ్లి చేస్తున్నరని ఇన్న. ఆమె ఇష్టమైతే చేసుకోమను, నేను అడ్డం రాను. కాని గీ మాట ఎరకైనంకనే చేసుకోమను."

"ఎవరు చెప్పిన్రో తెలిసిందా?" అని అడిగాను. ఎందుకు అడిగానో.

"నా రూమ్మేటే అయ్యుంటడక్కా. వాని తోని మాటలు బంద్ చేసిన."

ఆ రూమ్మేట్ ఎవరో, ఏ ఊరివాడో. అతను కూడా నా ఖాతాలోకే.

చెప్తా అన్నాను. కొత్త ఫోన్ నంబర్ ఒక ఫ్లెక్సీ ముక్క మీద ఎడమ చేత్తో వంకరగా రాసిచ్చి దండం పెట్టబోయాడు. చెయ్యి లేవలేదు.

ఫిబ్రవరి 18

చెప్పలేదు. ఇంటి నిండా చుట్టాలు.

ఫిబ్రవరి 19

చెప్పలేదు. ఈ రోజు చుట్టాలు లేరు.

చెబితే అన్నీ చెప్పాలి. రితేష్ చెప్పలేదంటే మరి ఎవరు చెప్పారు అని ఆ పిల్ల అడుగుతుంది. దానికి జవాబు లేకుండా ముందు సగం మాత్రమే చెప్పే దారి ఏదైనా ఉందా అని పొద్దుటి నుంచి వెతుకుతున్నాను. కూర తరుగుతూ వెతికాను, బస్సులో వెతికాను. ఎంత వెతికినా నన్ను నేను దాచుకునే దారులే దొరుకుతున్నాయి, ఆమెకు పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు.

రేపు పొద్దున తప్పకుండా.

ఫిబ్రవరి 20, గురువారం

నేను చెప్పాల్సిన అవసరం లేకుండా పోయింది.

మధ్యాహ్నం పక్కింటి సక్కుబాయి వచ్చింది. పూలు పండ్లకు లడ్డూలు చుట్టడానికి. నేను ఈ రోజు షాపుకు సెలవు పెట్టాను. నేను, అత్తమ్మ, సక్కుబాయి వరండాలో కూర్చున్నాం. శివానిని కూడా బయటికి పిలిచి చేతికి పళ్లెం ఇచ్చారు. ఆ పిల్ల మాట్లాడకుండా లడ్డూలు చుడుతోంది. అన్నీ ఒకే సైజులో.

సక్కుబాయి "అయితే పొల్ల ఎట్ల దొరికిందక్కా? మా ఆయన అంటుండే, పట్నంల పడ్డంక దేవునితరం గూడ కాదని" అంది.

అత్తమ్మ నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వులో నిజంగా ప్రేమ ఉంది. ఆరేళ్లు నేను ఎదురుచూసిన నవ్వు అది.

"అంత మా కోడలి తెలివి. మగోళ్లంత యాచారం, మంచాల అని ఉర్కులాడుతుంటే, ఈమె ఇంట్ల గూసోని చెప్పింది. చూసిపోయిన జాగలనే మల్ల చూడున్రి, అది గాడికే వస్తది అని. రాసిపెట్టినట్టు గాన్నే ఉండె. దాని గుణం దీనికి బాగ ఎరుక."

సక్కుబాయి "అబ్బో" అంటూ నన్ను చూసింది.

నేను నవ్వాను.

ఎందుకు నవ్వానో నాకు తెలియదు. ఎవరైనా మెచ్చుకుంటే ముఖం నవ్వుతుంది కదా, అలా నవ్వింది. ఆపేలోపే నవ్వింది. అప్పుడే తలెత్తితే శివాని నన్ను చూస్తోంది. ఆమె చేతిలో లడ్డూ సగం చుట్టి ఉంది. దాన్ని పూర్తిగా చుట్టి, పళ్లెంలో మిగతావాటి పక్కన పెట్టి, చేతులు కడుక్కోవడానికి లేచింది.

ఏ గొడవా జరగలేదు. అత్తమ్మకు ఏమీ తెలియదు. ఆ పిల్లకు మేం ఇంకో కథ చెప్పామన్న సంగతే అత్తమ్మ మర్చిపోయింది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

పొద్దున మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నాను. శివాని వచ్చి బకెట్ అవతల నిలబడింది. నేను తడి చీర పట్టుకుని అలాగే ఉండిపోయాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఎట్ల తెల్సింది వదినా?" అంది. మామూలుగానే అడిగింది, ఆట అయిపోయాక అడిగినట్టు.

"నువ్వే చెప్పినవ్ గదా ఒకపారి. దేవులాడిన జాగల మల్ల ఎవ్వలు దేవులాడరని."

"అవ్. చెప్పిన." తల ఊపింది. "మేం దూరం పోలేదని గూడ నీకెట్ల తెల్సె?"

"నువ్వు దూరం పోవు. నేను ఏ దిక్కు పోతున్ననో కనవడేటట్టు దగ్గర్నే ఉంటవ్. అన్న వాళ్లు యాచారం పోయిన్నాడు నువ్వు మల్ల రూముకు వస్తవని..." చెబుతూ చెబుతూ ఉండగా నా గొంతులో ఒక హుషారు వచ్చింది. నాకే వినపడింది. లెక్క సరిపోయినందుకు వచ్చే హుషారు. నోరు మూసుకున్నాను.

"మంచిగ పట్టినవ్" అంది శివాని. వెక్కిరించలేదు. "రితేష్ చెప్పిండని అనుకున్న. ఇన్ని దినాలు పండుకున్నప్పుడు, లేచినప్పుడు వాన్ని తిట్టుకున్న. నువ్వు నా ఈపు మీద చెయ్యేసి కూసున్నవ్."

అప్పుడు చెప్పాను. షాపుకు వచ్చాడని, చెయ్యి విరిగిందని, ఉరికిపోలేదని చెప్పమన్నాడని. ఎప్పుడు వచ్చాడు అని అడిగింది. సోమవారం అన్నాను. ఆమె ఏదో లెక్క వేసుకున్నట్టు ఆగి, గోడ పట్టుకుంది. నేను పట్టుకోబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"రేపు నన్ను ఠాణాకు తీస్కపో."

"అత్తమ్మ పంపది శివానీ."

"నువ్వు అడిగితే పంపుతది. నువ్వంటే ఇప్పుడు మస్తు నమ్మకం గదా."

ఆమె దిగిపోయింది. నేను చీర మళ్లీ పిండాను, అప్పటికే పిండిన చీరను.

ఏదో ఒకటి తేల్చుకోవాలి. పోతే దేవేందర్ ఏం చేస్తాడు? ఈ ఇంట్లో నా చోటు ఏమవుతుంది? పుట్టింటికి పోతే ఏం చెప్పాలి? ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి అడుగుతున్నాను. జల్‌పల్లి పేరు చెప్పేటప్పుడు మాత్రం ఒక్క ప్రశ్న కూడా వేసుకోలేదు.

ఫిబ్రవరి 22, శనివారం

పోయాం.

రేపటికి జాకెట్ కుదరలేదు, టైలర్ దగ్గర సరిచేయించుకుని వస్తాం అన్నాను. అత్తమ్మ "జల్ది రాన్రి, ఎండకు తిరగకున్రి" అని నా చేతికి గొడుగు ఇచ్చింది. అనుమానం అన్నది ఆ ముఖంలో ఎక్కడా లేదు. గొడుగు తీసుకున్నాను. ఆటోలో శివాని ఆ చివర కూర్చుంది, నేను ఈ చివర. మధ్యలో గొడుగు.

షాపు దగ్గర ఆగి రితేష్‌కు ఫోన్ చేశాను. తల్లిని వెంటబెట్టుకుని నేరుగా ఠాణాకే వస్తానన్నాడు. మేం పోయేసరికి ఇంకా రాలేదు. వస్తాడా అని నాకే భయం వేసింది. శివాని గేటు వైపు చూడలేదు. బెంచీ మీద వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. వాళ్లు వచ్చాక కూడా ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. శివాని లేచి పోయి ఆ పట్టీ మీద వేళ్లు ఆనించింది. "నొస్తున్నదా?" అంది. "లే" అన్నాడు. ఇద్దరూ ఏడ్చారు. తల్లి అటు తిరిగి నిలబడింది. ఆమె కూడా ఈ పెళ్లికి సంతోషంగా ఒప్పుకున్న మనిషిలా లేదు, కానీ వచ్చింది.

ఎస్సై దేవేందర్‌ను పిలిపించాడు. దేవేందర్, చెన్నయ్య బాబాయి వచ్చారు. ఆమె మేజర్, ఆమె ఇష్టం, అడ్డం పోతే కేసవుతుంది అని ఎస్సై చెప్పాడు. ఆ అబ్బాయి చెయ్యి సంగతి కూడా అడిగాడు. అప్పుడు దేవేందర్ తల దించుకున్నాడు. సంతకం పెట్టి బయటికి పోతూ నా పక్కనుంచే పోయాడు. నన్ను చూడలేదు. చెల్లెలిని మాత్రం చూశాడు, చాలాసేపు.

శివాని రితేష్ వాళ్లతో పోయింది. నేను ఒక్కదాన్నే ఇంటికి వచ్చాను. వరండాలో లడ్డూల పళ్లేలు అలాగే ఉన్నాయి. అత్తమ్మ తిట్టలేదు. గొడుగు నా చేతిలోంచి తీసుకుని మూలకు ఆనించింది.

"నీ నోరే గదా దాన్ని పట్టిచ్చింది. నీ కాళ్లే గదా మల్ల దాన్ని దాటిచ్చినయ్. ఒక్క మాట చెప్పు. నువ్వు ఎవరి దిక్కే?"

నిజంగానే అడిగింది. జవాబు కోసం కాసేపు నిలబడింది కూడా. తర్వాత లోపలికి పోయింది. దేవేందర్ ఇంకా రాలేదు. వచ్చాక ఏమవుతుందో తెలియదు, రేపు నేను ఎక్కడ ఉంటానో తెలియదు. దానికి సిద్ధంగానే ఉన్నాను అనుకుంటున్నాను. అది కూడా నిజమో కాదో.

అసలు రాయాలనుకున్నది ఇది కాదు. ఇప్పటిదాకా దాన్ని వదిలేసి చుట్టూ రాస్తున్నాను.

ఠాణాలో మొదట ఒక ఆడ కానిస్టేబుల్ మా వివరాలు రాసుకుంది. మంచి మనిషి. శివానికి నీళ్లిచ్చింది, భయపడకు అంది. పేరు, వయసు, పని, అన్నీ అడిగింది. శివాని గట్టిగానే చెప్పింది. తర్వాత ఆమె పెన్నుతో నా వైపు చూపించింది.

"నిన్ను తోల్కొచ్చింది ఈమేనా?"

"అవ్."

"మంచి పని చేసిందమ్మా. ఇంట్లోళ్లకు ఎదురువడి ఇంత ధైర్యం ఎవ్వలు చేస్తరు? ఏమైతది నీకు?"

నేను తల ఎత్తాను. ఆరేళ్లుగా రోజుకు ఎన్నిసార్లు పిలిచిందో ఆ పిలుపు వస్తుందని చూశాను. సిగ్గు లేకుండా చూశాను.

శివాని నన్ను ఒకసారి చూసింది. కోపంగా కాదు. తర్వాత కానిస్టేబుల్ వైపు తిరిగింది.

"మా అన్న భార్య" అంది.

కానిస్టేబుల్ అదే రాసుకుంది.